గ్రీజులో చర్బీ ఎవరిది?

మా ఆపా కొడుకు బర్మింగ్‌హామ్‌లో ఉంటాడు. నౌకరీ కంప్యూటర్ల ముందు, షౌక్ మాత్రం పాత కార్లు. రెండేళ్ల కింద 1968 నాటి ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ ఒకటి కొన్నాడు. ఇద్దరే పట్టే, గుడ్డ టాపు మడిచిపెట్టుకునే చిన్న స్పోర్ట్స్ కారు. మొన్న ఒక ఆదివారం వీడియో కాల్ చేసి, సలామ్ కూడా పూర్తిగా చెప్పకుండానే ఫోన్‌ను పెడల్స్ దగ్గరికి దించాడు. "మామూ, జర వినండి" అన్నాడు.

ఇంజిన్ ఆన్‌లో ఉంది. క్లచ్ సగం నొక్కితే ఏమీ లేదు. పూర్తిగా నొక్కి, గేరు వేసి, అట్లనే పట్టుకుంటే సన్నగా కీచుమంటోంది. కాలు తీస్తే బంద్.

నేను పత్రికలో రాసుకునేవాడిని, మిస్త్రీని కాదు. అయినా ఆ చప్పుడు నాకు తెలుసు. నల్లగొండలో మా బడే మామూ కార్‌ఖానాలో, నాకు పదకొండో పన్నెండో ఏళ్లున్నప్పుడు, అచ్చం అదే చప్పుడు విన్నాను. అక్కడిది స్పిట్‌ఫైర్ కాదు, స్టాండర్డ్ హెరాల్డ్. కానీ రెండూ ఒకే ఖాందాన్.

ఆ రిష్తేదారీ సంగతి ముందు చెప్పాలి. ట్రయంఫ్ కంపెనీ 1959లో హెరాల్డ్ అనే కారు తెచ్చింది. దాని ఆకారం గీసింది ఇటలీకి చెందిన జొవాన్ని మికెలొట్టి. మూడేళ్లకు, 1962లో, అదే హెరాల్డ్ ఛాసిస్‌ను పొట్టి చేసి, పైన ఆయన చేతనే కొత్త బాడీ గీయించి స్పిట్‌ఫైర్ అని పేరు పెట్టారు. కవెంట్రీలోని కాన్లీ ఫ్యాక్టరీ నుంచి 1980 దాకా మూడు లక్షలకు పైగా బయటికొచ్చాయి. ఇటు మద్రాసులో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ వాళ్లు 1961 నుంచి హెరాల్డ్‌ను ఇక్కడే తయారు చేశారు. మన డాక్టర్లు, వకీళ్లు, కాలేజీ లెక్చరర్లు నడిపిన ఆ కారు ఇంగ్లండ్ కుర్రాళ్ల షోకు బండికి సగీ బెహెన్ అన్నమాట. ఇంజిన్‌ది ఒకే వంశం, గేర్‌బాక్స్‌దీ అంతే. బానెట్ మొత్తం ఒకే రేకుగా ముందుకు వంగి తెరుచుకునే తీరు కూడా ఒకటే.

ఇంకో పోలిక మిస్త్రీలకే తెలుస్తుంది. ఈ రెండు కార్లలో క్లచ్ దాకా చేరాలంటే గేర్‌బాక్స్ కింది నుంచి దిగదు. సీట్లు విప్పి, మధ్యలో ఉన్న కవరు తీసి, కారు లోపలి నుంచే వెనక్కి లాగాలి. బడే మామూ లోపల బాసింపట్టు వేసుకుని కూర్చుని, గేర్‌బాక్స్‌ను ఒళ్లోకి తీసుకునేవారు. లుంగీ మీద నల్లటి ఆయిల్ మరక. ముమానీ ఆ లుంగీలను ఇంటి బట్టలతో కలిపి ఉతకనిచ్చేవారు కాదు.

ఇప్పుడు ఆ చప్పుడు. ఇంజిన్ క్రాంకు చివర ఫ్లైవీల్ అనే బరువైన చక్రం ఉంటుంది. ఆ చక్రం నడిమధ్యన, క్రాంకు కొసలో చిన్న రంధ్రం. అందులో బొటనవేలంత ఇత్తడి రంగు గొట్టం. దాన్ని పైలట్ బుష్ అంటారు. గేర్‌బాక్స్ నుంచి వచ్చే షాఫ్ట్ ముక్కు ఆ గొట్టంలో ఆనుకుని ఉంటుంది. విచిత్రం ఏమిటంటే, కారు రోడ్డు మీద పోతున్నంతసేపూ ఈ బుష్‌కు ఏ పనీ లేదు. క్లచ్ పట్టి ఉంది కాబట్టి క్రాంకూ షాఫ్టూ కలిసే తిరుగుతాయి, మధ్యలో రాపిడే ఉండదు. పెడల్ నొక్కినప్పుడే ఆ రెండూ విడిపోతాయి. గేరులో ఉండి కారు నిలబడితే షాఫ్ట్ ఆగుతుంది, క్రాంకు తిరుగుతూనే ఉంటుంది. ఆ కాసేపు రాపిడి అంతా బుష్‌దే. "జుదాయీ మే ఇస్కా కామ్" అనేవారు మామూ.

రెండోది రిలీజ్ బేరింగ్. పెడల్ నొక్కితే అది ముందుకు జరిగి, తిరుగుతున్న ప్రెషర్ ప్లేట్‌కు ఆనుకుని, ప్లేటును వదిలిస్తుంది. అది కూడా పెడల్ మీద కాలున్నంతసేపే మెహనత్ చేస్తుంది. కాకపోతే అది చెడితే పెడల్ కొద్దిగా తాకగానే అరుస్తుంది. పూర్తిగా నొక్కి గేరులో ఉంచితేనే అరిచేది బుష్. ఈ ఫరక్ మామూ నాకు పుస్తకం చూపించి చెప్పలేదు, ఒక పొడుగు స్క్రూడ్రైవర్ కొసను ఇంజిన్‌కు ఆనించి, పిడిని నా చెవికి పెట్టి వినిపించారు.

"బుష్‌కు ఏం పెట్టావు బేటా?" అని ఆపా కొడుకును అడిగాను. పోయిన ఏడాది క్లచ్ మార్చినప్పుడు కొత్త బుష్ వేశాడట. మంచి గ్రీజు దండిగా దట్టించానని గర్వంగా చెప్పాడు. తప్పు అక్కడే జరిగింది.

ఆ బుష్ చూడటానికి గట్టి లోహంలా ఉంటుంది కానీ అది పోతపోసింది కాదు. రాగి పొడి, తగరం పొడి సుమారు 90కి 10 పాళ్లలో కలిపి, అచ్చులో ఒత్తి, కరగనంత వేడిలో కాల్చి అతికించింది. రేణువుల మధ్య కంటికి కనిపించని ఖాళీలు మిగులుతాయి. మొత్తం ఘనపరిమాణంలో ఐదో వంతు దాకా ఖాళీయే. ఆ ఖాళీల నిండా నూనె. షాఫ్ట్ తిరిగి వేడెక్కితే నూనె చెమటలా పైకి వస్తుంది, చల్లారితే మళ్లీ లోపలికి ఇంకుతుంది. అమెరికాలో క్రిస్లర్ కంపెనీ 1930లో దీన్ని ఆయిలైట్ అనే పేరుతో అమ్మకానికి పెట్టింది. చేతికి అందని చోట, నూనె చుక్క వేయడానికి దారి లేని చోట పనికొచ్చే సొగసైన తర్కీబ్ ఇది. ఫ్లైవీల్ నడిమధ్య కంటే అందని చోటు కారులో ఇంకేముంటుంది?

అందులో గ్రీజు దట్టిస్తే ఆ సన్నని రంధ్రాలు పూడుకుపోతాయి. లోపలి నూనె బయటికి రాదు. పైనున్న గ్రీజు ఎండిపోయాక మిగిలేది లోహానికి లోహం.

మామూ పద్ధతి వేరు. కొత్త బుష్‌ను ముందు రోజే ఒక స్టీలు గ్లాసులో ఇంజిన్ ఆయిల్ పోసి అందులో వేసేవారు. రాత్రంతా నానేది. జల్దీ ఉంటే బుష్ ఒక చివరను బొటనవేలితో మూసి, నూనె నింపి, రెండో చివర నుంచి ఇంకో బొటనవేలితో గట్టిగా నొక్కేవారు. కాసేపటికి బయటి గోడ మీద సన్నటి నూనె బొట్లు పొడుచుకొచ్చేవి. లోహానికి చెమట పట్టడం నేను మొదటిసారి చూసింది అక్కడే. ఇంగ్లండ్ వర్క్‌షాప్ మాన్యువళ్లలో కూడా ఇదే రాసి ఉంటుందని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది, 24 గంటలు నూనెలో నానబెట్టమని. మామూకు ఇంగ్లిష్ రాదు. ఆయన ఉస్తాద్‌కూ రాదు.

పాత బుష్ బయటికి లాగడం ఇంకో తమాషా. వెనక పట్టు దొరకదు. మామూ ఆ రంధ్రం నిండా గ్రీజు కూరి, సరిగ్గా పట్టే ఇనుప కడ్డీ పెట్టి సుత్తితో ఒక్కటేసేవారు. గ్రీజు పోవడానికి ఇంకో దారి లేక బుష్‌ను వెనక నుంచి తోసుకుంటూ బయటికి తెచ్చేది. గ్రీజు లేనినాడు రొట్టె ముద్ద కూరిన మిస్త్రీలను కూడా చూశాను. రొట్టెను అట్లా వాడితే మామూ ఊరుకునేవారు కాదు, రిజ్క్ అది అని.

నా గుణాహ్ కూడా ఒకటి చెప్పాలి. ఒకరోజు మామూ జొహర్ నమాజ్‌కు పోతూ, కొత్త రిలీజ్ బేరింగ్ ప్యాకెట్ నా చేతికిచ్చి "సాఫ్ రఖ్" అన్నారు. శుభ్రమైన చోట పెట్టమని. నేను శుభ్రం చేయమన్నారనుకున్నాను. దాన్ని గ్యాస్‌నూనె గిన్నెలో ముంచి, బ్రష్షు పెట్టి, తళతళలాడేట్టు కడిగి ఆరబెట్టాను. మామూ వచ్చి చేతిలోకి తీసుకుని తిప్పారు. గరగర. "అరే, బేరింగ్ కూ నహలా దియా క్యా రే!" అన్నారు. స్నానం చేయించావా అని. కొట్టలేదు. ఆ బేరింగ్‌లో గ్రీజు ఫ్యాక్టరీలోనే నింపి మూసేస్తారు, మళ్లీ నింపడానికి దారి ఉండదు. కిరోసిన్ లోపలికి పోయిందంటే దాని ఉమ్ర్ ఖతం. ఇంకో బేరింగ్ హైదరాబాద్ నుంచి రావడానికి మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజులూ వకీల్ సాబ్ హెరాల్డ్ గేర్‌బాక్స్ లేకుండా కార్‌ఖానాలోనే ఉంది. పైసలు మామూ జేబులోవే పోయాయి.

గుండ్ల బేరింగ్‌కు పాత తారీఖే ఉంది. 1794లో వేల్స్‌లోని కార్మార్థెన్‌లో ఫిలిప్ వాన్ అనే ఇనుము వ్యాపారి గుర్రపు బండి ఇరుసు కోసం పేటెంటు తీసుకున్నాడు. గుండ్లన్నీ ఒకే కొలతలో రావడం మాత్రం 1883లో, జర్మనీలోని ష్వైన్‌ఫుర్ట్‌లో ఫ్రీడ్రిష్ ఫిషర్ గుండ్లు అరగదీసే యంత్రం చేశాకే. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా విమానాలు పనిగట్టుకుని వెళ్లి ఆ ఊరి మీద బాంబులు వేశాయి, బేరింగులు ఆగితే జర్మనీ యుద్ధమే ఆగుతుందని. ఆగలేదు, అది వేరే కహానీ. నన్ను ఏళ్ల తరబడి వదలని సంగతి బేరింగ్ కాదు, దాని లోపలి గ్రీజు.

కారణం మామూయే. అసర్ వేళకు ఆయన చేతులు కడుక్కోవడం ఒక పెద్ద పని. ముందు కిరోసిన్, తర్వాత రంపపు పొట్టుతో రుద్దడం, తర్వాత బట్టల సబ్బు, చివరికి అగ్గిపుల్లతో గోళ్ల సందులు. చర్మం మీద గ్రీజు పొరలా ఉంటే నీళ్లు తగలవు, నీళ్లు తగలకపోతే వుజూ కాదు. ఈ ఫికర్ ప్రతి మిస్త్రీ ఇంట్లో ఉన్నదే. దాని జవాబు పేష్ ఇమామ్ సాబ్ ఇచ్చారు: కోషిష్ చేసి తీయండి, తీసినా మిగిలే మరక రంగుదే కానీ పొర కాదు. కానీ మామూ రెండో సవాల్ అడిగారు. "హజ్రత్, ఈ గ్రీజు ఏ జానవర్ చర్బీ?" ఇమామ్ సాబ్ నవ్వి, కంపెనీ వాణ్ని అడగాలి మియా అన్నారు. డబ్బా మీద ఏమీ రాసి లేదు.

ఆ సవాల్ బచ్‌పనా కాదు. చాలా పాతది. ఫత్హె మక్కా సాల్‌లో సహాబాలు రసూలుల్లాహ్‌ను (సల్లల్లాహు అలైహి వసల్లం) అడిగిన ప్రశ్న బుఖారీలో ఉంది. చచ్చిన జంతువు కొవ్వును పడవలకు పూస్తారు, తోళ్లకు రాస్తారు, దీపాల్లో పోస్తారు, దాని సంగతేమిటని. వద్దు, హరామ్ అని జవాబు వచ్చింది. ఆ మనాహీ అమ్మకానికా, వాడకానికి కూడానా అన్నదాంట్లో ఉలమాలలో ఇఖ్తిలాఫ్ ఉంది. నేను ఆలిమ్‌ను కాదు, అందులో దిగను. పడవకు పూసే చర్బీ గురించి అడిగినవాళ్లకూ, బేరింగ్‌కు పెట్టే చర్బీ గురించి అడిగిన మా మామూకూ మధ్య నాకు పెద్ద దూరం కనిపించదు.

ఇక 1857. ఎన్‌ఫీల్డ్ తుపాకీ తూటా కాగితానికి పూసింది కూడా గ్రీజే. ఆవుదో పందిదో అన్న షక్ మీద మీరట్‌లో 85 మంది సవార్లు తమకిచ్చిన తూటాలు ముట్టమన్నారు. వాళ్లలో ముస్లింలూ ఉన్నారు, హిందువులూ ఉన్నారు. మే 9న సంకెళ్లు వేశారు, మే 10న బగావత్ మొదలైంది. జూలై 17న మన హైదరాబాద్‌లో తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ కోఠీ రెసిడెన్సీ మీదికి పోయారు. అందరి కోపం తూటా మీదే కాదు, నిజమే. కానీ ఇందులో ఏ చర్బీ ఉందన్న సవాల్‌కు సీదా జవాబు ఇవ్వకపోవడం ఎంత మెహంగా పడుతుందో కంపెనీ సర్కారుకు తెలిసొచ్చింది.

ఆ కాలంలో యంత్రాలన్నీ చర్బీ మీదే నడిచేవి. ఇంగ్లండ్ రైలు పెట్టెల ఇరుసులకు పశువుల కొవ్వు, పామాయిల్, సోడా, నీళ్లు కలిపి కాచిన ముద్ద పెట్టేవారు. తర్వాత పెట్రోలియం నూనెలో సున్నపు సబ్బు కలిపిన గ్రీజు వచ్చింది. గ్రీజు అంటే అసలు అదే, నూనెను స్పాంజిలా పట్టి ఉంచే సబ్బు. ఆ సబ్బు కాచడానికి కొవ్వు కావాలి, ఆ కొవ్వు ఎక్కువగా పశువులదే. పైగా సున్నపు గ్రీజు నీళ్లు మరిగే వేడికే కరిగి కారిపోయేది. క్లచ్ పక్కన అది నిలవదు. కారితే ప్లేటు మీద పడుతుంది, పడితే క్లచ్ జారుతుంది. అప్పటి మిస్త్రీలకు ఇది రోజువారీ ముసీబత్.

దీనికి హల్ మన పొలాల్లో ఉంది. మా జిల్లాలో ఎడ్లబండి ఇరుసుకు గడ్డి కాల్చిన మసిని ఆముదంలో కలిపి కందెన పెట్టేవారు. అదే ఆముదాన్ని కారువాళ్లూ మొదటి నుంచీ ఎరుగుదురు. తొలినాళ్ల కార్లలో క్లచ్ అంటే తోలు తొడిగిన గరాటు ఆకారం. ఆ తోలు ఎండి బిగుసుకుపోతే మెత్తబడటానికి ఆముదం రాయమని అప్పటి మోటారు పుస్తకాలు చెప్పేవి. లండన్‌లో చార్లెస్ వేక్‌ఫీల్డ్ 1899లో నూనెల కంపెనీ పెట్టాడు. 1909లో ఆముదం కలిపిన తన నూనెకు క్యాస్ట్రాల్ అని పేరు పెట్టాడు. ఆముదానికి ఇంగ్లిష్‌లో క్యాస్టర్ ఆయిల్ అంటారు కదా, అందులోంచే ఆ పేరు. మొదటి ప్రపంచ యుద్ధంలో గిరగిర తిరిగే విమానం ఇంజిన్లకు ఆముదమే పోశారు, పెట్రోలులో కరగదని. ఇంజిన్ వదిలే ఆముదం పొగ పీల్చి పైలట్ల కడుపు ఏమయ్యేదో మన ఇళ్లలో వేరే చెప్పక్కర్లేదు. నానీమా చెంచాతో పట్టించిన ఆముదం అందరికీ యాదే. అమెరికా తన విమానాల కోసం ఆముదం పంట వేయించాలనుకున్నప్పుడు విత్తనాలు హిందుస్తాన్ నుంచే తెప్పించుకుంది.

అసలు మార్పు 1940లలో వచ్చింది. అమెరికాలో క్లారెన్స్ ఎర్ల్ అనే ఆయన సున్నానికి బదులు లిథియంతో సబ్బు చేసి గ్రీజుకు పేటెంటు తీసుకున్నాడు. ఆ సబ్బుకు అన్నిటికంటే బాగా కుదిరిన కొవ్వు ఆముదం నుంచి తీసిందేనని త్వరలోనే తేలింది. ఆముదాన్ని హైడ్రోజన్‌తో గట్టిపరిచి, అందులోంచి తీసిన యాసిడ్‌ను లిథియంతో కలుపుతారు. సన్నటి నారల్లాంటి సబ్బు తయారై నూనెను పట్టి ఉంచుతుంది. నీళ్లకు చెదరదు, 180 డిగ్రీల వేడికి కూడా కారిపోదు. స్పిట్‌ఫైర్ వచ్చేనాటికి ఇది బజార్‌లో మామూలు సరుకైపోయింది. ఇప్పుడు ప్రపంచంలో ఎక్కువగా వాడే గ్రీజు ఈ లిథియం గ్రీజే. ఆముదం ఎక్కువగా పండించేది మన దేశమే. ఇవాళ ఆ పంట గుజరాత్‌ది. కానీ నిజాం కాలంలో హైదరాబాద్ రియాసత్ పెద్ద పేరున్న ఆముదం ఇలాఖా. మా నల్లగొండ, పాలమూరు ఎర్రనేలల్లో నా చిన్నప్పుడు కూడా ఎటు చూసినా ఆముదం చెట్లే. ఇప్పుడు ఆ చోట పత్తి ఉంది.

మామూ అడిగిన సవాల్‌కు జవాబు, అంటే, కార్‌ఖానా వెనక చేలోనే ఉండింది. ఈ మాట ప్రతి డబ్బాకూ వర్తించదు, అది కూడా చెప్పాలి. చవక గ్రీజుల్లో, సున్నం గ్రీజుల్లో ఇప్పటికీ పశువుల కొవ్వు ఉండొచ్చు. లిథియం అని రాసి ఉన్నంత మాత్రాన అందులో మరే కొవ్వూ లేదని నేను ఖసమ్ చేయలేను. ఫికర్ ఉన్న మిస్త్రీ సాబ్‌లు కంపెనీకి రాసి అడగండి. ఇప్పుడు జవాబిస్తారు. కానీ నేను ఈ సంగతి చదివే నాటికి బడే మామూ లేరు. అల్లాహ్ ఆయన్ను జన్నత్ నసీబ్ చేయుగాక. కార్‌ఖానా ఉన్న జాగాలో ఇప్పుడు మొబైల్ దుకాణం ఉంది.

ఆపా కొడుకుకు ఇదంతా చెప్పలేదు. చెప్పింది మూడే ముక్కలు. బుష్ కొత్తది తెచ్చి ఇంజిన్ ఆయిల్‌లో ఒక రోజు నానబెట్టు, గ్రీజు దాని దరిదాపుల్లోకి రానివ్వకు. రిలీజ్ బేరింగ్‌ను ఏ నూనెలోనూ కడగకు. షాఫ్ట్ పళ్ల మీద మాత్రం లిథియం గ్రీజు వేలితో తుడిచినంత రాయి, ఎక్కువైతే తిరిగేటప్పుడు ఎగిరి ప్లేటు మీద పడుతుంది. ఇంకోటి, సిగ్నల్ దగ్గర క్లచ్ తొక్కిపట్టి నిలబడకు, న్యూట్రల్ చేసి కాలు తీసేయ్.

"మామూ, ఇవన్నీ ఏ మాన్యువల్‌లో ఉన్నాయి?" అన్నాడు. నీ నానీమా తమ్ముడి దగ్గర అన్నాను. వాడు ఆయన్ను చూడలేదు.

రెండు రోజులకు ఫోటో పంపాడు. వంటింటి గట్టు మీద గాజు గ్లాసు, అడుగున బుష్, పైన తేనె రంగు నూనె. కింద ఇంకో ఫోటో, రెండు బొటనవేళ్ల మధ్య బుష్, గోడ మీద సన్నటి బొట్లు. గేర్‌బాక్స్ లోపలి నుంచి ఎక్కించడానికి ఇంకో మనిషి కావాలట. జుమ్మా తర్వాత ఒక దోస్త్ వస్తానన్నాడని రాశాడు.